ఎండకు తేలిన గీతలు

"రెండో వరుసలో ఏం రాశావన్నా?" అని అడిగింది హజ్రా బీ.

యేసుపాదం కాటా పళ్లెం తుడుస్తున్నాడు. తల ఎత్తి బోర్డు చూడాల్సిన పని లేదు. పొద్దున తను రాసిందే.

"కందిపప్పు. కిలో ఏడు ఇరవై."

"దాని కింద?"

"శెనగ నూనె. కిలో పదహారు."

ఆమె గడప మీద నిలబడి పెదాలు కదుపుతూ లెక్క వేసుకుంది. కనురెప్పల వెంట్రుకలకు, చెవుల మడతల్లో, ముక్కుపుడక చుట్టూ సున్నం పట్టి ఉంది. పిడుగురాళ్ల బట్టీల్లో పని దిగి వచ్చే ఆడవాళ్లందరూ అలాగే ఉంటారు. ఒక తల్లి కన్నట్టు ఒకే తెలుపు. ఎవరు ఎవరో తెలియాలంటే మాట వినాలి.

"అరకిలో పప్పు, పావు నూనె. ఏడు అరవై. సరిపోద్ది," అనుకుని ఆమె మెట్టు దిగి తొట్టి దగ్గరికి వెళ్లింది.

ఆ సిమెంటు తొట్టి నాగభూషణరావు కట్టించింది. ఆయనది నాదెండ్ల. నల్లరేగడి ఊరు, సున్నపురాయి వాసన తెలియని ఊరు. మూడేళ్ల కింద మాచర్ల రోడ్డు మీద ఈ కొట్టు తీసుకుని, గుంటూరులో చూసిన పద్ధతిలో అరలు చేయించాడు. ఏ అరలో సరుకు ఆ అరలో ఉంటుంది. ఎవరికి కావలసింది వాళ్లే తీసుకుని కాటా దగ్గరికి తేవాలి. కాటా దగ్గర యేసుపాదం తూచి, సరుకూ తూకమూ పైకి చెబుతాడు. గల్లా బల్ల దగ్గర నాగభూషణరావు డబ్బు చెబుతాడు. చేతులు సరుకులో పెడతారు కాబట్టి ముందు తొట్టిలో కడుక్కుని రావాలని ఆయన నియమం. బట్టీ ఆడవాళ్లు వరసగా వచ్చి మోచేతుల దాకా ముంచుతారు. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి పాలలా ఉంటాయి. తెల్లారేసరికి సున్నమంతా అడుక్కి దిగి, పైన నీళ్లు మళ్లీ అద్దంలా తేరుకుంటాయి. నీళ్లు తగ్గితే పైన పోయడమే గాని తొట్టి కడిగిందెప్పుడూ లేదు.

హజ్రా బీ పప్పు తెచ్చింది. సీసా పెట్టింది. యేసుపాదం తూచాడు.

"కందిపప్పు అరకిలో. నూనె పావు."

"ఏడు తొంబై," అన్నాడు నాగభూషణరావు.

ఆమె కొంగుముడి విప్పి బల్ల మీద పెట్టినవి ఏడు రూపాయల అరవై పైసలు. ఇంకా ఏమన్నా ఉన్నట్టు కొంగు చివర రెండుసార్లు నలిపి చూసింది.

"ముప్పై తగ్గినయ్. నూనె కొంచెం తీసెయ్‌రా," అన్నాడాయన, యేసుపాదాన్ని చూడకుండా.

యేసుపాదం సీసా వంచి చిన్న కొలతతో నూనె వెనక్కి తీశాడు. సీసా మూతి నుంచి నూనె తీగ సాగి ఎంతకీ తెగలేదు. హజ్రా బీ ఆ తీగనే చూస్తూ నిలబడింది.

"అన్నా, నువ్వు చదివింది ఎంత?"

అతను కొలతను డబ్బా అంచుకు బోర్లించాడు. చుక్కలు రాలేదాకా అలాగే పట్టుకున్నాడు.

"అది బోర్డు రేటమ్మా," అన్నాడు నాగభూషణరావు, విసుగు లేకుండా. "ఇది ఇయ్యాళ్టి రేటు. రాసేది పొద్దున. రేటు మారేది గంటగంటకీ. వాడేం చేస్తాడు?"

"ఎప్పుడన్నా కిందికి మారుద్దా రావుగారూ?" అంది వెనక వరసలోంచి జరీనా. "మూడేళ్ల నించి చూస్తన్నా, మీ రేటు ఎక్కడమే గాని దిగడం తెలవదు. మీ మేడ మీద కోతి లాగుంది."

ఆడవాళ్లు పెద్దగా నవ్వారు. నాగభూషణరావు కూడా నవ్వాడు. హజ్రా బీ ఒక్కతే నవ్వలేదు. సీసాకు మూత బిగించుకుని బయటికి వెళ్లింది. మెట్టు ఎత్తు. చెప్పులు తొడుక్కునేటప్పుడు అందరూ చేసినట్టే ఆమె కూడా ఆసరా కోసం గోడ మీద, బోర్డు మీద చెయ్యి వేసింది. అది సోమవారం.

మంగళవారం పదకొండు గంటలప్పుడు వసారా రేకుల నీడ బోర్డు మీద నుంచి జారింది. బోర్డు మీద ఎండ పడింది. యేసుపాదం బెల్లం గోతాం విప్పుతూ యథాలాపంగా అటు చూశాడు. కందిపప్పు వరస చివర, 7-20 పక్కన, ఒక నిలువు గీత ఉంది. తను గీసింది కాదు. సుద్దముక్క గీత సన్నగా, పొడిపొడిగా ఉంటుంది. ఇది వేలంత లావుగా, అంచుల దగ్గర పల్చగా, పొగ గడ్డకట్టినట్టు ఉంది. నూనె వరస చివర ఇంకొకటి.

అతను గుడ్డ తడిపి తెచ్చి తుడిచాడు. పోయాయి. తడి బోర్డు నల్లగా మెరిసింది. అంకెలు మళ్లీ దిద్ది లోపలికి వచ్చి బెల్లం అచ్చు పగలగొట్టాడు. పావుగంట గడిచి ఉంటుంది. తల ఎత్తితే రెండు గీతలూ యథాస్థానంలో ఉన్నాయి.

వసారాలో ఎవరూ లేరు. రోడ్డు మీద రాళ్ల లారీ ఒకటి వెళ్లిపోయిన దుమ్ము ఇంకా కిందికి దిగలేదు. అతను మళ్లీ తుడవలేదు. గోతాం మూతి ముడి వేసి మూలకి నెట్టాడు.

బుధవారం పొద్దున తడిగుడ్డతో తుడిచాక బోర్డు మీద ఏమీ లేదు. యేసుపాదం అంగుళం అంగుళం చూసి మరీ రాశాడు. ఎనిమిదికి బట్టీ ఆడవాళ్లు, తొమ్మిదికి లారీ క్లీనర్లు, పదికి ఇళ్లవాళ్లు వచ్చి పోయారు. పదకొండుకి ఎండ పడగానే బోర్డు మీద గీతలు తేలడం మొదలైంది. ఈసారి మొదటి నుంచీ చూశాడు. నల్లటి నీళ్ల అడుగు నుంచి చేపలు పైకి వస్తున్నట్టు ముందు బూడిద రంగులో కనిపించి, తర్వాత తెల్లబడి, ఇంక కదలకుండా నిలిచాయి. పప్పుకు పదిహేడు. నూనెకు పద్నాలుగు. చింతపండుకు తొమ్మిది. నాలుగు నిలువు గీతల మీద అయిదోది అడ్డంగా ఉంది. ఉప్పు వరసకు ఒక్కటీ లేదు. ఉప్పు ఒక్కటే ఆ కొట్లో రాసిన రేటుకు అమ్మేది.

"ఎవడ్రా గీసింది?" అని వెనక నుంచి నాగభూషణరావు గొంతు.

"తెలవదండి."

"రాసేవోడివి నువ్వు. సుద్ద నీ దగ్గరుంటది. ఇంకెవరికి తెలుస్తది?"

"సుద్ద కాదండి ఇది."

నాగభూషణరావు వేలితో రుద్దాడు. రాలేదు. గుడ్డ తొట్టిలో ముంచి, పిండి, తనే తుడిచాడు. గీతలు పోయాయి. ఆయన తృప్తిగా చేతులు దులుపుకున్నాడు. ఇద్దరూ లోపలికి వచ్చారు. ఒక బేరం అయింది. నాగభూషణరావు చిల్లర ఇస్తూ ద్వారం వైపు చూశాడు. అలా చూసి, చిల్లర చేతిలోనే ఉంచుకున్నాడు. చెయ్యి చాపిన ముసలాయన, "ఏందయ్యా, ఇయ్యి," అన్నదాకా ఆయన కదల్లేదు.

గురువారం కొట్లో మాట ఆగిపోయింది.

ఆ సంగతి యేసుపాదానికి ఆలస్యంగా తట్టింది. ఎనిమిదింటికి అరల మధ్య నలభై మంది ఆడవాళ్లు ఉన్నారు. మామూలుగా అయితే ఆ వేళ కొట్టు సంతలా ఉంటుంది. మేస్త్రి మీసాల మీద, కాటా ముల్లు మీద, నాగభూషణరావు పొట్ట మీద జోకులు. ఆరోజు పప్పు గలగల, కాగితం చప్పుడు, పాదాల చప్పుడు మాత్రమే. జరీనా కూడా మాట్లాడలేదు. తెల్లటి మొహాలు ఒకదాని వెనక ఒకటి కాటా ముందుకు వచ్చాయి. నాగభూషణరావు చెప్పినంతా ఇచ్చాయి. ఏడు యాభై అంటే ఏడు యాభై. ఎవరూ ఏందీ అనలేదు. బేరమాడలేదు. ఆయన వరసగా నాలుగు అంకెలు చెప్పి, అయిదోది చెప్పేముందు ఎవరన్నా ఏమన్నా అంటారేమోనని ఆగాడు. ఎవరూ అనలేదు. ఆ అంకె చెబుతుంటే ఆయన గొంతు తగ్గింది.

పదకొండుకి ఆయన పిలిచాడు. "లెక్కపెట్టు."

"ఏది అండి?"

"పప్పుది."

యేసుపాదం కట్టలు లెక్కపెట్టాడు. అయిదు గీతల కట్టలు పది. పక్కన ఒకటి.

"యాభై ఒకటి."

నాగభూషణరావు వసారా స్తంభానికి ఆనుకున్నాడు. "మా నాన్న యాభై రెండో యేట పోయాడు," అన్నాడు. "నాకిప్పుడు యాభై ఒకటి. ఎవడికి చెప్పలా నేనిక్కడ." యేసుపాదాన్ని కింద నుంచి పైకి చూశాడు. "నీకు చెప్పానా?"

"లేదండి."

"మరి?"

ఆయన తుడవమన్నాడు. తుడిచినకొద్దీ బోర్డంతా ఒక పల్చటి తెల్ల పొర కమ్మి, సుద్ద అంకెలు అందులో కలిసిపోతున్నాయి. గీతలు మాత్రం ఇంకా ముందుకు వస్తున్నాయి.

"చూడు యేసుపాదం," అన్నాడు నాగభూషణరావు, ఒరేయ్ అనకుండా. "మనిషి పని అయితే ఆ మనిషెవరో శనివారం లోపల చెప్పు. బట్టీ ఓనరుతో చెప్పి ఆ మనిషికి ఈ వూళ్లో పని లేకుండా చేస్తా. నీకు ముప్పై రూపాయలు జీతం పెంచుతా. చెప్పకపోతే నువ్వేనని అనుకుంటా. సోమవారం నించి రావద్దు. రేపు కొట్టు మూసి బోర్డుకి కొత్త రంగు ఏయిద్దాం. అప్పటికీ వస్తే..." ఆ మాట అక్కడే వదిలేసి లోపలికి వెళ్లాడు.

యేసుపాదం భార్య నిర్మల పెళ్లికి ముందు నుంచీ బట్టీలో తట్టలు మోసిన మనిషి. రెండేళ్ల కింద కాల్చిన రాయి మీద నీళ్లు కొడుతుంటే చిట్లి ఎడమ కంట్లో పడింది. ఆ కన్ను సగం పోయింది. అప్పటి నుంచి ఆమెను బట్టీకి పంపలేదు. అతని జీతం ఆగితే పంపక తప్పదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ ఎత్తలేదు. పొద్దు వాలేముందు ఆమె వాకిట్లో బియ్యం చెరుగుతుంటే అతను పక్కన కూర్చుని గీతల మాట చెప్పాడు. తుడిస్తే పోవడం, ఎండ పడితే రావడం, పప్పు గీతలు యాభై ఒకటి కావడం.

నిర్మల చేట ఆపింది. మంచి కన్ను అతని వైపు తిప్పి, "అంతేనా?" అంది.

"అంతేనా అంటావేంది?"

"నీది అచ్చంపేట. ఏటి ఒడ్డున పుట్టినోడివి, నీకేం తెలుస్తది. తేట గీత అది. సున్నపు నీళ్ల మీద తేరిన తేట ఉంటదే, అందులో వేలు ముంచి గీస్తే అప్పుడు కనపడదు. ఆరితే తెల్లగా వస్తది. మళ్లీ తడిస్తే పోద్ది, మళ్లీ ఆరితే వస్తది. మేం తట్టల లెక్క అట్టాగే పెట్టుకుంటాం. మేస్త్రి బొగ్గుతో తన లెక్క గీస్తాడు. తక్కువ గీస్తాడు. మా లెక్క మేం పక్కనే తేటతో గీసుకుంటాం. ఎండెక్కినాక రెండూ పక్కపక్కన కనపడతయ్. అయిదోది అడ్డంగా గీసేదీ మేమే."

"బట్టీలో సరే. కొట్లో తేట యాడిది?"

ఆమె చేటలో రాయి ఒకటి ఏరి పారేసింది. "మీ రావుగారు కట్టించలా తొట్టి? రోజుకి వంద చేతులు కడుగుతారు గదా అందులో. అదే నీళ్లతో మళ్లా తుడుస్తన్నారంట."

యేసుపాదానికి భయం వేసింది. తెలియనప్పటి కంటే తెలిశాక ఎక్కువ. చెప్పులు తొడుక్కుంటూ బోర్డు మీద పడిన చేతులన్నీ గుర్తొచ్చాయి. తను చూస్తుండగానే, పట్టపగలు, తన అంకెల పక్కన.

"చెబుతావా ఆయనకి?" అంది నిర్మల.

అతను చేటలోంచి ఒక రాయి ఏరాడు. ఆమె చెరగడం మొదలుపెట్టింది. కాస్త ఆగి, "నేను పోగలను. ఒక కన్నున్నా తట్ట మొయ్యొచ్చు," అంది.

శుక్రవారం రంగు వెయ్యడానికి మస్తాన్‌రావు వచ్చాడు. లారీల వెనక పువ్వులు, పేర్లు రాసే మనిషి. బోర్డు ముందు గొంతుకూర్చుని, గోటితో గీకి, గోరు నాలికకు తాకించి ఉమ్మాడు. తల తిప్పి తొట్టి చూశాడు. తర్వాత యేసుపాదాన్ని చూశాడు. యేసుపాదం నేల చూశాడు.

"ఏందంటావ్?" అన్నాడు నాగభూషణరావు, గడప లోపలే నిలబడి.

మస్తాన్‌రావు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "ఇది మామూలు నలుపుకి పొయ్యేది కాదండి."

"అంటే?"

"అంటే ఏముంది. మూడు పూతలెయ్యాలి. మామూలు బోర్డుకి నలభై తీసుకుంటా. దీనికి ఎనభై. మళ్లీ వస్తే మాత్రం నన్ననొద్దు. రంగు వరకే నా పూచీ."

"ఏసుకో, ఏసుకో," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు. మస్తాన్‌రావు డబ్బా మూత తీస్తూ గొంతు తగ్గించి, "ఎన్నాళ్లయిందన్నా ఈ దెయ్యం పట్టి?" అని అడిగాడు.

"నాలుగు రోజులు."

"బాగానే చదువుకున్న దెయ్యం. ఉప్పు జోలికి పోలా," అని కుంచె ముంచాడు.

కొట్టు మూసి ఉంది కాబట్టి యేసుపాదం బట్టీల వైపు నడిచాడు. రెండు ఫర్లాంగులు పోయాక దారి తెల్లబడింది. తుమ్మచెట్లు తెల్లగా, కంచెలు తెల్లగా, ఒక కుక్క తెల్లగా ఉన్నాయి. నాలుగు బట్టీల పొగ గాలి లేక నిట్టనిలువుగా నిలబడి ఉంది. ఆడవాళ్లు తట్టలు దించుతూ గోడ దగ్గర ఒక్క క్షణం ఆగి పోతున్నారు. గోడ మీద బొగ్గు గీతలు కనపడుతున్నాయి. వాటి పక్కన ఖాళీగా ఉంది. ఆ ఖాళీ ఖాళీ కాదని ఇప్పుడు అతనికి తెలుసు. ఆడవాళ్లలో ఒక్కరు కూడా అతన్ని చూసి మాట్లాడలేదు. చూడకుండా కూడా లేరు.

హజ్రా బీ నీడన కూర్చుని అరచేతులకు నూనె రాసుకుంటోంది. వేళ్ల మధ్య చర్మం పగిలి ఎర్రగా ఉంది. ఒక్కో పగులులో ఒక్కో చుక్క పొదుపుగా వేస్తోంది. అతను పావు సీసా గుర్తుపట్టాడు. కూరకు కొన్నదనుకున్నాడు ఆరోజు.

"ఏందన్నా, ఇంత దూరం?"

"నువ్వేనా ముందు గీసింది?"

"నేనే." దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"మిగతావాళ్లకి ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా. నేను రెండు గీశా. తెల్లారి ఇంకోళ్లు గీశారంట. నాకూ తెలవదు ఎవరెవరో. అడగలా నేను."

"రావుగారు పేరు చెప్పమంటన్నాడు. నీకు పని లేకుండా చేస్తానంటన్నాడు."

ఆమె సీసా మూత పెట్టింది. "చెప్పుకో. నీకూ సంసారముంది. నిర్మల కన్ను పోయిన రోజు నేను ఆడనే ఉన్నా." లేచి తలగుడ్డ చుట్టుకుంటూ, "ఒక మాట మాత్రం తప్పుగా అనుకుంటన్నావన్నా. ఆ గీతలు రావుగారి మీద కాదు," అంది.

"మరి?"

"ఆయన యాపారి. ఏడు యాభై అంటాడు, ఎనిమిదంటాడు, ఇష్టమైతే కొంటాం లేకపోతే లేదు. ఆయన నోటితో ఏడు ఇరవై అని ఎప్పుడూ అనలా. అన్నది నువ్వు. చదువు రాదని నిన్నడిగితిమి. చదివినోడివి నువ్వు, రాసినోడివి నువ్వు. నీ అంకె పక్కన గీశాంగాని ఆయన బల్ల మీద గీశామా?"

అలా అని తట్ట నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది. కోపం లేదు ఆ గొంతులో. తూకం చెప్పినట్టు చెప్పింది. యేసుపాదం కాసేపు అక్కడే ఉన్నాడు. తిరిగి వస్తుంటే తన చొక్కా, చేతులు, గడియారం అద్దం అన్నీ తెల్లబడి ఉండడం చూసుకున్నాడు. ఎదురొచ్చిన మనిషెవరో, "ఏమ్మే జరీనా, అప్పుడే దిగావా," అంటూ దగ్గరికొచ్చి, ఆగి, నవ్వకుండా పక్కకు తప్పుకున్నాడు.

శనివారం బోర్డు కొత్త పలకలా ఉంది. యేసుపాదం రేట్లు రాశాడు. పప్పు దగ్గర సుద్దముక్క ఆగింది. ఎంత రాయాలో ఎవరూ చెప్పకపోయినా ఇన్నాళ్లూ రాశాడు. అవతలి వీధి కొట్లో పప్పు ఏడు నలభై. ఇక్కడ ఏడు ఇరవై చూసి మనుషులు లోపలికి వస్తారు. వచ్చి సంచీ నింపుకున్నాక ఎవరూ వెనక్కి పోరు. ఆ కిటుకంతా తన చేతి అంకెల మీదే నడుస్తోందని మొదటిసారి స్పష్టంగా కనపడింది. ఏడు ఇరవై అనే రాశాడు.

శనివారం బట్టీ కూలి ఇచ్చే రోజు. పది దాటేసరికి కొట్టు నిండింది. గుమ్మంలోంచి లోపలికి, లోపలి నుంచి బయటికి తెల్లటి మనుషుల వరస కదులుతోంది. ఎవరూ మాట్లాడలేదు. యేసుపాదం కాటా ముల్లు చూస్తూనే గుమ్మం వైపు ఒక కన్ను వేసి ఉంచాడు. ఒకామె దిగింది. తొట్టిలో వేళ్లు ముంచింది. చెప్పు తొడుక్కుంటూ బోర్డు మీద చెయ్యి ఆనించింది. వెళ్లింది. ఇంకొకామె దిగింది. అంత మామూలు పని. ఎన్నేళ్లు చూసినా కనపడనంత మామూలు.

పదకొండుకి నీడ జారింది.

కొత్త నలుపు మీద గీతలు ఇదివరకటి కంటే బాగా తేలాయి. మొదట పప్పు వరస. తర్వాత నూనె. తర్వాత చింతపండు, పంచదార, సబ్బులు. వరసలో ఉన్న ఆడవాళ్లంతా తలలు తిప్పి బోర్డు చూశారు. బోర్డు చూసి, అందరూ ఒకేసారి, గల్లా వైపు తిరిగారు. ఎవరి మొహంలోనూ ఏమీ లేదు.

నాగభూషణరావు చేతిలో అయిదు రూపాయల కాగితం ఉంది. దాన్ని గల్లాలో వెయ్యలేదు, కింద పెట్టలేదు.

"యేసుపాదం. ఇట్రా."

అతను బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఇయ్యాళ శనివారం." ఆయన బల్ల మీదికి వంగాడు. "చెప్పు. మనిషేనా?"

ఒక్క మాట చాలు. సున్నం అంటే చాలు. తొట్టి వైపు చెయ్యి చూపిస్తే చాలు. ఆయన ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, నవ్వి, తొట్టి పగలగొట్టించి, ఆ సాయంత్రమే బట్టీ ఓనరు దగ్గరికి వెళతాడు. ముప్పై రూపాయలు పెరుగుతాయి. నిర్మల ఇంట్లోనే ఉంటుంది. యేసుపాదం వరసలోకి చూశాడు. హజ్రా బీ ఏడో మనిషి. అతన్ని చూడడం లేదు. పప్పు పొట్లం రెండు చేతుల్లో పట్టుకుని ఉంది.

"తెలవదండి," అన్నాడు.

"నిజంగా?"

"నాకు తెలవదండి."

నాగభూషణరావు అతని మొహంలోకి వెతికినట్టు చూశాడు. మూడేళ్లలో ఆ మొహం మీద ఆయనకెప్పుడూ ఏమీ కనపడలేదు. ఇప్పుడూ కనపడలేదు. "సోమవారం నించి రావద్దన్నా గదా," అన్నాడు. బెదిరించినట్టు లేదు, అడిగినట్టు ఉంది.

"అన్నారండి."

"మరి దీనికేంది దారి?"

ఆ కొట్లో యేసుపాదం సరుకు పేరు, తూకం తప్ప ఇంకో మాట అనుకుని అన్నది లేదు. "రాసింది రాసినట్టు తీసుకుంటే ఆగుద్దేమోనండి."

నాగభూషణరావు చాలాసేపు కాగితం నలిపాడు. ఆ నలుగుడు అందరికీ వినపడింది. చివరికి దాన్ని గల్లాలో వేశాడు.

యేసుపాదం కాటా దగ్గరికి వచ్చి, వరసలో ముందున్న జరీనా పొట్లం తూచాడు. "కందిపప్పు కిలో."

నాగభూషణరావు గుమ్మం బయటికి చూశాడు. తను ఎప్పుడూ చూడని వస్తువును చూసినట్టు బోర్డు చదివాడు. "ఏడు..." అని ఆగి, "ఇరవై," అన్నాడు.

జరీనా ఎనిమిది రూపాయలిచ్చింది. ఎనభై పైసలు వెనక్కి తీసుకుని, నాణేలు అరచేతిలో ఒకటొకటిగా జరిపి చూసి, బయటికి నడిచింది. తొట్టిలో వేళ్లు ముంచలేదు. చెప్పులు తొడుక్కునేటప్పుడు చెయ్యి దేనికీ ఆనించలేదు. ఒంటికాలి మీద తూలి, నిలదొక్కుకుని, వెళ్లిపోయింది. తర్వాతామె అంతే. ఆ తర్వాతామె అంతే. హజ్రా బీ డబ్బిచ్చి పోతూ యేసుపాదం ముందు ఒక్క క్షణం ఆగింది. వెళ్లింది.

పన్నెండున్నరకు నాగభూషణరావు లేచి బోర్డు తుడిచాడు. అది తడారేదాకా ఎండలో పక్కనే నిలబడ్డాడు. పాతవి అన్నీ తిరిగి వచ్చాయి. ఆయన వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. ఒంటిగంటకి మళ్లీ తుడిచి, ఆరనిచ్చి, మళ్లీ లెక్కపెట్టాడు. కొత్తది ఒక్కటీ లేదు. గీతలు వచ్చినప్పుడు ఆయన మొహం పాలిపోయింది గాని నిలబడగలిగాడు. ఆగాయని తేలాక మాత్రం మెట్టు మీద కూర్చుండిపోయాడు. తన మాట ఎవరో విన్నారు. విని ఒప్పుకున్నారు. వసారాలో కూర్చుని ఆయన రోడ్డును, లారీలను, పోయే వచ్చే తెల్లటి మనుషులను సాయంత్రం దాకా అలా చూస్తూనే ఉన్నాడు. మధ్యాహ్నం నుంచి గల్లా దగ్గర డబ్బు కూడా యేసుపాదమే చెప్పాడు. బోర్డు మీద ఉన్నదే చెప్పాడు.

పొద్దు వాలుతుండగా తలుపులు మూశారు. నాగభూషణరావు తాళం వేసి, లాగి చూసి, రోడ్డు మీదికి వచ్చి ఆగాడు. ఆయన ఇల్లు రైలుగేటు అవతల. యేసుపాదం ఇల్లు ఇటు వైపు.

"గేటు దాకా రా," అన్నాడు.

ఇద్దరూ నడిచారు. బట్టీల పొగ ఊరి మీదికి దిగుతోంది. గేటు కనపడ్డాక నాగభూషణరావు, "నీకు భయం లేదా?" అని అడిగాడు.

"ఉందండి."

అది అబద్ధం కాదు. ఒకరితో ఒకరు చెప్పుకోకుండా వంద చేతులు ఒకే పని చెయ్యడం, ఒక్క అంకె వినగానే ఒకేసారి మానెయ్యడం అతను కళ్లతో చూశాడు. ఆ చేతులు తన అంకెలను రేపు కూడా చూస్తాయి.

"సోమవారం పెందరాళే రా," అన్నాడు నాగభూషణరావు. "నువ్వొచ్చినాకే తాళం తీద్దాం." నాలుగడుగులు వేసి మళ్లీ అడిగాడు. "సోమవారం కూడా రాసిందే తీసుకోవాలంటావా? ఎన్నాళ్లు?"

గేటు పడింది. గూడ్సు బండి ఒకటి సున్నపురాయి పెట్టెలతో ఎంతకీ తరగకుండా పోయింది. చివరి పెట్టె దాటి గేటు లేచేదాకా నాగభూషణరావు అతని మొహంలోకే చూస్తూ ఉన్నాడు.

"సరేలే," అన్నాడు చివరికి. "అట్టాగే."